పై రేకు చూపియ్ బిడ్డా

కోళ్ళగూడు తలుపు తీయగానే వెచ్చటి ఘాటు వాసన ముఖానికి కొట్టింది. కళ్ళు మండాయి. అది 2018 డిసెంబర్ 18 తెల్లవారుజాము. కొండకల్‌లో మా పెరడంతా చలికి బిగుసుకుపోయి ఉంటే గూట్లో మాత్రం ఉక్కపోత. టార్చి లైటు పైకి కొడితే రేకు అడుగున వరుసగా నీటి చుక్కలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ తెగి కోళ్ళ వీపుల మీద పడుతోంది. పద్నాలుగింటిలో మూడు కింద ఊకలో ఒరిగిపోయి ఉన్నాయి. వాటిలో ఒకటి మచ్చల పెట్ట. రోజూ అమ్మ మంచం కిందికొచ్చి గుడ్డు పెట్టి పోయేది.

ముందు రోజు మధ్యాహ్నం పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. అంత దూరాన దాటినా మా వైపు ముసురు పట్టింది. చేవెళ్ల, శంకర్‌పల్లి పొలాల్లో మామూలు డిసెంబర్ చలి అంత మొండిది కాదు. తెల్లవారి వణికించినా తొమ్మిదయ్యేసరికి ఎండ వచ్చేస్తుంది, కోళ్ళు రెక్కలు చాపి పెంటకుప్ప మీద పడుకుంటాయి. ఆ రోజు మాత్రం ఎండ పొడే లేదు. సన్నటి జల్లు, దాని వెంట ఈదురుగాలి. నాకు ప్రాణం ఆగలేదు. ఎన్నికల ఫలితాలొచ్చి వారం కావస్తోంది, ఊళ్ళో విప్పేసిన ఫ్లెక్సీలు దొరికాయి. వాటితో గూడు నాలుగు వైపులా చుట్టాను. రేకుకూ గోడకూ మధ్య ఉన్న సందులో గోనె సంచులు కుక్కాను. చీమ దూరే సందు కూడా లేదని తృప్తి పడి పడుకున్నాను.

అమ్మ వచ్చి చచ్చిన కోళ్ళను చూడలేదు. ముందు వంగి ఊకలో చెయ్యి పెట్టింది. పిడికిట్లో నొక్కితే ముద్దయింది. ఆ చేతిని నాకు చూపింది.

"సలికి గాదు బిడ్డా. ఇవి మస్తు సలి సూసినయ్. సెమ్మకు సచ్చినయ్. గాలి పోయే సందు లేకుండ మూసినవ్."

ఆ మాట వెనక ఉన్న సంగతంతా నాకు తర్వాత తెలిసింది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలేస్తే ఈకలు ఉబ్బించుకుంటుంది. ఈకల మధ్య నిలిచిన గాలే దానికి దుప్పటి. ఆ దుప్పటి పొడిగా ఉన్నంతసేపూ చలిని తట్టుకుంటుంది. తడిస్తే ఈకలు ఒంటికి అంటుకుపోతాయి, వేడి ఆగదు. కోడికి చెమట పట్టదు, ఒంట్లో నీరు ఊపిరితోనూ రెట్టతోనూ బయటికి వస్తుంది. గూడు మూసేస్తే ఆ ఆవిరంతా రేకుకు తగిలి, చల్లబడి, మళ్ళీ కోళ్ళ మీదే వానలా కురుస్తుంది. తడిసిన రెట్ట నుంచి అమ్మోనియా లేచి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. నా కళ్ళు మండింది అందుకే. రాత్రంతా అవి ఆ గాలే పీల్చాయి.

ఆ పొద్దుటే అమ్మ గూడంతా ఖాళీ చేయించింది. తడి ఊక ఎత్తి పోయించి, పొయ్యిలో బూడిద చల్లించి, దాని మీద బెత్తెడు మందాన పొడి ఊక పరిపించింది. గాలి కొట్టే ఉత్తరం వైపు మాత్రం గోనెలు ఉంచమంది. దక్షిణం వైపు రేకు కింద జానెడు సందు తెరిపించింది. కోళ్ళు కూర్చునే చోట ఉన్న గుండ్రటి వాసం తీసేసి వెడల్పాటి చెక్క వేయించింది. చెక్క మీద కూర్చుంటే పొట్ట ఈకలు కాలి వేళ్ళ మీదికి దిగుతాయి. పొద్దుగూకే ముందు మక్కలు వేసింది. కడుపులో గింజ అరుగుతున్నంతసేపూ ఒంట్లో వేడి పుడుతుంది. మిగిలిన పదకొండూ బతికాయి. అవి గ్రామప్రియ కోళ్ళు, రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం. మా ఇంటికి గంట దూరంలో పుట్టిన జాతిని నా చేతులతోనే ఊపిరాడకుండా చేశానన్న బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు.

రెండేళ్ళకు, 2021 ఫిబ్రవరిలో ఒక పొద్దున ఏడున్నరకు డాలస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి ఎనిమిది. టెక్సాస్‌ను మంచు తుఫాను ముంచేసింది, 40 లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు లేదు. వాళ్ళింట్లోనూ పొద్దుటి నుంచి లేదట. పెరట్లో నాలుగు పెట్టలున్నాయి. "అన్నా, ప్లాస్టిక్ షీటు తెచ్చి మొత్తం కప్పేస్తున్నా" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. అమ్మ ఫోను లాక్కుంది.

"పైన జానెడు సందు ఉంచినవా?"

"అమ్మా, ఇది మన దగ్గర సలి గాదు. ఆ సందుల నుంచి మంచుగాలి కొడ్తది."

"కోళ్ళ మీదికెల్లి గాలి పోవద్దు. వాటి తలకాయల పైకెల్లి పోవాలె. కింద ఎండుగడ్డి మందంగ ఎయ్యి. సందు మాత్రం మూయకు."

ఆ రాత్రి గడిచి అక్కడ 16వ తేదీ తెల్లవారేసరికి డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీలు. 1949 తర్వాత అంత చలి అక్కడ లేదట. మళ్ళీ ఫోన్ వచ్చేదాకా అమ్మ అన్నం ముట్టలేదు. నాలుగూ బతికే ఉన్నాయి. కానీ తెల్ల లెగ్‌హార్న్ పెట్టకు పెద్ద జుట్టు, పక్కకు వాలి ఉంటుంది. దాని కొనలు పాలిపోయి, గట్టిగా, చల్లగా ఉన్నాయని చెప్పాడు. ఈకలు లేని చోటే మంచు కొరుకుతుంది: జుట్టు, గదవ కింద వేలాడే ఎర్ర తోలు, కాలి వేళ్ళు. తడి ఉంటే ఇంకా తొందరగా కొరుకుతుంది. దాన్ని పొయ్యి దగ్గర పెట్టి, రుద్ది వేడి చేద్దామనుకుంటున్నాడు.

అమ్మ నా వైపు చూసింది. "నాకిది తెల్వదు బిడ్డా. మన దిక్కు మంచు కొరుకదు. డాక్టర్‌ను అడుగు."

పశువుల డాక్టరు ఫోన్లోనే చెప్పాడు: రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. మంచు కొరికిన చోట స్పర్శ ఉండదు కాబట్టి కాలినా దానికి తెలియదు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో మెల్లగా వెచ్చబరచాలి, తడి పూర్తిగా ఆరనివ్వాలి. మళ్ళీ గడ్డకట్టే చోటుకు అప్పుడే వదలకూడదు. తర్వాత కొనలు నల్లబడతాయి, వాటిని కోయకూడదు. ఆ నల్లటి పెచ్చే కింది మాంసానికి కాపు, అదే ఎండి రాలిపోతుంది.

తమ్ముడు అలాగే చేశాడు. అట్టపెట్టెలో ఎండుగడ్డి వేసి గ్యారేజీలో ఉంచాడు. కొన్ని వారాలకు జుట్టు కొనలు రాలిపోయి, వంకీలు తిరిగిన అంచు మొండిగా మిగిలింది. వసంతం రాగానే ఆ పెట్ట మళ్ళీ గుడ్లు పెట్టింది. ఆ మొదటి గుడ్డును వీడియోలో చూపించినప్పుడు అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మచ్చల పెట్ట గుర్తొచ్చిందేమో, నేను అడగలేదు.

ఇప్పుడు మా ఊరు మారిపోయింది. 2023లో రైలు కోచ్‌ల ఫ్యాక్టరీ మొదలైంది, శంకర్‌పల్లి రోడ్డు పొడవునా విల్లాలు లేచాయి. చాలా ఇళ్ళల్లో పెరళ్ళే లేవు. మా పెరడు మాత్రం ఉంది, గూడూ ఉంది, దక్షిణం వైపు జానెడు సందూ ఉంది. చలి ముదిరిన పొద్దు నేను మొదట చూసేది కోళ్ళను కాదు, రేకు అడుగును. కాపాడాలన్న ఆత్రంలో ఊపిరి మూసేయకూడదని నేను మూడు ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొత్తగా కోళ్ళు పెంచే వాళ్ళు ఎవరు కనిపించినా ఆ మాటే చెబుతాను.

డిసెంబర్ వస్తే అమ్మ డాలస్‌కు ఫోన్ చేయిస్తుంది. తమ్ముడు కోళ్ళ వైపు కెమెరా తిప్పుతాడు. "కోళ్ళు తర్వాత. పై రేకు చూపియ్ బిడ్డా" అంటుంది. వాడు గూటి కప్పు అడుగున అరచెయ్యి రాసి కెమెరా ముందు పెడతాడు. చెయ్యి పొడిగా ఉంటే అమ్మ ఇంకేమీ అడగదు, ఫోను నాకిచ్చి మా కోళ్ళకు మక్కలు వేయడానికి లేస్తుంది.