మోటరు వేశాక చూడు

మూడో సంవత్సరంలో మా హాస్టల్ ఫ్లోర్‌లో నాకో పేరుండేది: "నాలుగు పాయింట్ ఆరు". సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇంటెల్ ఐ5-2500కె ప్రాసెసర్‌ని 4.6 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్ళానని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. అందుకని ఆ పేరు.

2011లో వచ్చిన ఆ చిప్ మామూలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. 100 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని 33తో హెచ్చవేస్తే వచ్చే లెక్క అది. పేరు చివర 'కె' ఉంది కాబట్టి ఆ 33ని మనమే పెంచుకోవచ్చు. బయోస్‌లోకి వెళ్ళి ఏకంగా 46 పెట్టాను. విండోస్ తెరుచుకోకముందే ఆగిపోయింది. వోల్టేజ్ 1.32కి పెంచాను. తెరుచుకుంది. పది నిమిషాలు గేమ్ ఆడాను, ఆగలేదు. "స్టేబుల్ మామా!" అని కారిడార్‌లో అరిచాను. నా టెస్టింగ్ అంతటితో అయిపోయింది.

ఆ సెమిస్టర్‌లోనే మినీ ప్రాజెక్టు. ఒక లోహపు పలకలో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టే ప్రోగ్రామ్. కోడ్ రాసింది నా పార్ట్‌నర్. పెద్ద గ్రిడ్ మీద రన్ చేయడం నా వంతు, ఎందుకంటే "నాలుగు పాయింట్ ఆరు" నా దగ్గరుంది కదా. రాత్రంతా రన్ చేస్తే వచ్చిన సమాధానం వాడి లాప్‌టాప్‌లో వచ్చిన దానితో కలవలేదు. మళ్ళీ రన్ చేశాను. మూడో సమాధానం వచ్చింది.

"ఎక్కడో వేరియబుల్ ఇనిషియలైజ్ చేయడం మర్చిపోయుంటావ్, చూసుకో" అన్నాను. కంప్యూటర్‌ని నేను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. ఆగిపోవడం లేదుగా మరి! వాడు పాపం తొమ్మిది వందల లైన్లు ప్రింట్ తీసుకుని రెండు రాత్రులు కూర్చున్నాడు. ఏమీ దొరకలేదు. చివరికి లాప్‌టాప్ ఫలితాలే పెట్టి రివ్యూ గట్టెక్కాం. కానీ "వీడి కోడ్‌లో ఏదో ఉంది" అన్న మాట నేను ఇంకో ఇద్దరి దగ్గర కూడా అన్నాను. అది వాడి చెవిన పడింది. అప్పట్నుంచి మా మధ్య మాటలు తగ్గాయి.

మే నెలలో కంప్యూటర్ ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఊరి ఎండకి అది రోజుకోసారి బ్లూ స్క్రీన్ చూపించడం మొదలుపెట్టింది. సరే చూద్దామని ప్రైమ్95 వేశాను. అది పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి రాసిన ప్రోగ్రామ్. ముందే జవాబు తెలిసిన లెక్కల్ని ప్రాసెసర్ చేత చేయించి సరిచూస్తుంది కూడా. ఇరవై నిమిషాలకి ఎర్రర్ వచ్చింది: రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ ఉండాలి. కంప్యూటర్ మాత్రం ఆగలేదు. మౌస్ కదులుతోంది, వెనకాల పాట మోగుతూనే ఉంది. లెక్క మాత్రం తప్పు.

కడుపులో దేవినట్టయింది. వేగం పెంచామంటే, ట్రాన్సిస్టర్లు సున్నా నుంచి ఒకటికి మారడానికి ఇచ్చే సమయాన్ని తగ్గించామన్నమాట. వోల్టేజ్ చాలకపోతే అవి మారేలోపే తర్వాతి క్లాక్ వచ్చేస్తుంది, తప్పు బిట్ ముందుకెళ్ళిపోతుంది. ఆ బిట్ కీలకమైన చోట పడితే బ్లూ స్క్రీన్. మామూలు అంకెలో పడితే ఎవరికీ తెలీదు, ఆ తప్పు కాస్తా సమాధానంలో కలిసిపోతుంది.

కానీ 1.32 పెట్టానుగా? సీపీయూ-జెడ్‌లో కూడా అంతే చూపిస్తోందిగా? అలా తల గోక్కుంటూ కూర్చుంటే నాన్న పొలానికి రమ్మన్నాడు. బోరు దగ్గర స్టార్టర్ బోర్డు మీద ముల్లు 410 చూపిస్తోంది. "వోల్టేజ్ బానే ఉంది నాన్నా" అన్నాను. ఆయన మోటరు ఆన్ చేశాడు. ముల్లు జారి 370 దగ్గర నిలబడింది. "ఖాళీగా ఉన్నప్పుడు బానే ఉంటుందిరా. మోటరు వేశాక చూడు" అన్నాడు.

ఇంటికొచ్చి ప్రైమ్95 వేసి చూశాను. 1.32 కాస్తా 1.27కి దిగింది. దీన్ని వీడ్రూప్ అంటారు. ప్రాసెసర్ ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజ్ కొంత పడిపోతుంది. నేను ఇన్నాళ్ళూ మోటరు వేయకుండానే ముల్లు చూసి మురిసిపోయాను.

ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాను. ఒక్కోసారి 0.01 వోల్ట్ పెంచడం, గంటసేపు టెస్ట్, ఎర్రర్ వస్తే ఇంకో 0.01. ప్రతిదీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 4.6 నిలబడాలంటే బయోస్‌లో 1.38 కావాల్సి వచ్చింది, కానీ టెంపరేచర్ 90 డిగ్రీలు దాటింది. 4.4కి దిగితే 1.30 సరిపోయింది. ప్రాసెసర్ తినే పవర్ వోల్టేజ్ వర్గానికీ, వేగానికీ అనుపాతంలో ఉంటుందని మనం చదువుకున్నదే. ఆ లెక్కన పై 0.2 గిగాహెర్ట్జ్ కోసం, అంటే నాలుగున్నర శాతం వేగం కోసం, దాదాపు 18 శాతం ఎక్కువ పవర్. 4.4 దగ్గరే ఆగిపోయాను. రాత్రంతా, పన్నెండు గంటలు టెస్ట్ నడిచింది. ఒక్క ఎర్రర్ లేదు.

అప్పుడు వాడి ప్రోగ్రామ్ రెండుసార్లు రన్ చేశాను. రెండుసార్లూ ఒకటే సమాధానం. వాడి లాప్‌టాప్ ఇచ్చిన సమాధానమే, చివరి అంకెతో సహా.

ఫోన్ చేశాను. "మామా, నీ కోడ్‌లో తప్పు లేదు. తప్పు నా కంప్యూటర్‌ది. నాది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ తొమ్మిది వందల లైన్లూ నాకిప్పుడు కంఠస్థంరా" అన్నాడు. నవ్వాడో తిట్టాడో తెలీలేదు. "సరేగానీ, ఆ ఇద్దరికీ కూడా చెప్పు."

చెప్పాను. ఇంకా ఎవరైనా విని ఉంటే, వాళ్ళ కోసం ఇక్కడ కూడా రాస్తున్నాను.