మూడు పాత పుస్తకాలు... మైపాడు బస్సు!

నెల్లూరు అనగానే మీకేం గుర్తొస్తుంది? మొలగొలుకులు, చేపల పులుసు, బాలు పాట, ఆత్రేయ మాట, వాణిశ్రీ కట్టూబొట్టూ... అంతేగా! వీటికి ఇంకొకటి చేర్చుకోండి. చేతిసంచీలో మూడు పాత పుస్తకాలు వేసుకుని మైపాడు బస్సెక్కడం!

ఊరికి తూర్పుగా పాతిక కిలోమీటర్లు. దారిలో వరి చేలు, కొబ్బరి చెట్లు, రొయ్యల గుంటలు. ఆపైన సముద్రం. మూడు పుస్తకాలెందుకంటారా? మనసు పూటకో తీరుగా ఉంటుంది కనుక! కొత్త పుస్తకాన్ని పేరు చూసి కొంటాం. పాత పుస్తకాన్ని మాత్రం మన మూడ్ చూసుకుని ఏరుకోవాలి. తక్కువ ధరకే దొరుకుతుంది కాబట్టి ఆ సరదా మనకు చెల్లుతుంది.

ఏరుకునేదెక్కడ? ఒకప్పుడు నెల్లూరు వాళ్లది రాజయోగం. రైలెక్కి దక్షిణానికి పోతే మద్రాసు మూర్ మార్కెట్టు, ఉత్తరానికి పోతే బెజవాడ ఫుట్‌పాత్. మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. మా వయసు వాళ్లం దాన్ని పెద్దల మాటల్లోనే చూశాం. ఇక ఊళ్లో మిగిలినవి పాత పేపర్ల కొట్లు. చిన్నచూపు చూడకండి! అసలు సరుకు తూకానికి వచ్చేది అక్కడికే.

పొద్దున్నే అలలు చూసి మనసు గంతులేస్తుంటే ముళ్లపూడి వారి 'బుడుగు' తియ్యండి. ఎక్కడ తెరిచినా ఫరవాలేదు, ఎక్కడ మూసినా ఫరవాలేదు. పాత చందమామ దొరికితే ఇంకా మంచిది, పక్కన పిల్లలుంటే అది ఎలాగూ మీ చేతిలో నిలవదు!

మధ్యాహ్నం సరుగుడు నీడలో, భోజనం అయ్యాక, ఎవరైనా మనల్ని ప్రేమిస్తే బాగుండుననిపించే వేళ ఒకటుంటుంది. ఆ వేళకు నవల కావాలి. కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమనగర్' 1971లో సినిమా అయింది. యద్దనపూడి సులోచనారాణి 'జీవన తరంగాలు' 1973లో, 'సెక్రటరీ' 1976లో వెండితెరకెక్కాయి. మూడింట్లోనూ కథానాయిక మన నెల్లూరు వాణిశ్రీయే! సినిమా చూసేశాం, ఇక చదవడమెందుకు అనకండి. తెర మీద రెండు నిమిషాల్లో కరిగిపోయిన అలక, నవల్లో పేజీలకు పేజీలు సాగుతుంది. ఆ సాగదీతలోనే మజా అంతా.

సాయంత్రం ఎండ వీపు వైపుకి తిరుగుతుంది. సముద్రానికి ఎదురుగా కూర్చుంటే వెలుగు సరిగ్గా పేజీ మీద పడుతుంది. గుండె కాస్త బరువెక్కే ఆ వేళకు బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. ఒక్క మాట... 1960లో సావిత్రి నటించిన 'చివరకు మిగిలేది' ఈ కథ కాదు. అది బెంగాలీ సినిమా నుంచి వచ్చింది. పేరొక్కటే, మనుషులు వేరు.

తిరుగు బస్సులో కునికిపాట్లు పడకుండా కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఉండనే ఉన్నాడు. అయితే కొనేముందు ఆఖరి పేజీ ఉందో లేదో చూసుకోండి. ట్రంకు రోడ్డు పక్కన ఒక కొట్లో నేను అలా వెతుకుతుంటే ముసలాయన నవ్వాడు. "ఏంది అబ్బయా, హంతకుడెవరో ముందే చూసుకుంటుండావా?" అని. "లేదు పెద్దాయనా, ఉండాడా లేదా అని చూస్తుండా" అన్నాను!

ఇంకో జాగ్రత్త. ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పడతాయి, పేజీలు ఊడి ఇసుకలో ఎగురుతాయి. బీచికి దారంతో కుట్టిన పుస్తకమే తీసుకెళ్లండి.

కుట్టిన పుస్తకమంటే గుర్తొచ్చింది. ఆ ముసలాయన కొట్లో ఒక మూల బైండ్లు కనిపించాయి. వారపత్రికల్లో వచ్చిన సీరియల్‌ను ఏ ఇల్లాలో వారం వారం కత్తిరించి, వరసగా పేర్చి, బైండు చేయించుకున్నవి. అట్ట మీద ముత్యాల్లాంటి దస్తూరీతో నవల పేరు. ఆమె పోయాక ఇల్లు ఖాళీ చేసినవాళ్లు తూకానికి వేశారట.

అచ్చయిన నవల ఒక కాపీ పోతే ఇంకొకటి ఎక్కడో ఉంటుంది. కానీ పుస్తకంగా రాని సీరియళ్లున్నాయి. వాటికి ఆ కత్తెరా, ఆ దారమే ప్రెస్సు. ఆ బైండు గుజ్జయిపోతే ఆ కథ చదివే దారి దాదాపు మూసుకుపోయినట్టే. నేను రెండు తెచ్చుకున్నాను. మిగతావి పేపర్ల కట్టల్లోనే ఉన్నాయి.

మీ ఇంటి అటక మీద అలాంటిదేమైనా ఉందేమో చూడండి. తూకానికి వేసేముందు ఒక ఆదివారం దాన్ని మైపాడుకు తీసుకెళ్లి చదవండి. ఆ తర్వాత కూడా వేసెయ్యాలనిపిస్తే, మీ ఇష్టం!