తాబేలూ, పెద్దమ్మ ఆవూ

మాది కోస్గి. వానాకాలంలో వాగు పారుతోందంటే చూడ్డానికి పరిగెత్తే పిల్లలం. సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది ఇంజినీరింగ్ అయిపోయాక, వైజాగ్‌లో.

మొన్న ఫిబ్రవరిలో ఆఫీస్ ఫ్రెండ్స్‌తో మళ్లీ వెళ్లా. పొద్దున్నే బీచ్‌లో నడుస్తుంటే ఇసుకలో ఓ తాబేలు చచ్చిపడి ఉంది. ఆలివ్ రిడ్లే. గుడ్లు పెట్టడానికి ఏటా మన తూర్పు తీరానికి వచ్చే రకం. అక్కడ వల బాగు చేసుకుంటున్న పెద్దాయన్ని అడిగా. "వల్లో పడిపోయుంటాది బాబూ. ఊపిరాడక చచ్చిపోయుంటాది" అన్నాడు.

నీళ్లలో ఉండే జీవికి ఊపిరాడకపోవడమేంటి? తాబేలుకి మొప్పలుండవు, మనలాగే ఊపిరితిత్తులు. గాలి కోసం పైకి రావాల్సిందే. ట్రాలర్ వలలోనో, తెగిందని సముద్రంలో వదిలేసిన నైలాన్ వలలోనో చిక్కితే అంతే. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. అప్పటికి ఇవి గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది.

ఆ రాత్రి ఫోన్‌లో తాబేళ్ల గురించే చదువుతూ కూర్చున్నా. వల తప్పించుకున్నా ప్లాస్టిక్ ఉంది. తేలే కవర్‌ని జెల్లీఫిష్ అనుకుని మింగుతాయని తెలుసు. తెలియనిది వాసన సంగతి. సముద్రంలో కొన్నాళ్లు నానిన ప్లాస్టిక్ మీద నాచు, సూక్ష్మజీవులు పేరుకుంటాయి. 2020లో అమెరికాలో లాగర్‌హెడ్ తాబేళ్ల మీద ప్రయోగం చేస్తే, ఆ వాసనకి అవి తిండి వాసనకి స్పందించినట్టే స్పందించాయట.

అది చదవగానే పెద్దమ్మ ఆవు కళ్లముందుకొచ్చింది.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు దానికి కడుపుబ్బింది. మేత ముట్టలేదు. నాలుగు రోజులకి చచ్చిపోయింది. డాక్టర్ కోసి చూస్తే లోపల కవర్ల ముద్ద. "కవర్లు పారేసినోళ్ల చేతులిరిగిపోను" అని పెద్దమ్మ ఒకటే ఏడుపు. నేను పక్కనే నిలబడి ఉన్నా. రోజూ రాత్రి మిగిలిన అన్నం కవర్లో కట్టి గల్లీ మూలన విసిరేసేది నేనే. ఆవు వచ్చింది అన్నం వాసనకి. ముడి విప్పుకోవడం దానికి రాదు కదా.

మా వైపు వాగుల నీళ్లు చివరికి కృష్ణలో కలుస్తాయి. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో. మధ్యలో జూరాల, శ్రీశైలం, సాగర్ డ్యాములు కొంత చెత్తని ఆపుతాయేమో. కానీ ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కి ముక్కలవుతుంది. 5 మిల్లీమీటర్లకన్నా చిన్నవైతే వాటినే మైక్రోప్లాస్టిక్ అంటారు. అంత చిన్నవాటిని ఏ గేటు ఆపుతుంది?

120 మైక్రాన్లకన్నా పలచని కవర్లు 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతా నిషేధం. మొన్న ఊరెళ్లినప్పుడు టమాటాలు అలాంటి కవర్లోనే ఇచ్చారు. వద్దని సంచి చాపితే కూరగాయలామె నవ్వింది.

ఇప్పుడు మా ఇంట్లో మిగిలిన అన్నం కవర్లోకి పోదు, పెద్దమ్మ వాళ్ల కుడితి తొట్టిలోకి పోతుంది. ఆమెకి ఇంకో ఆవుంది. ఆ రోజు తిట్టింది నన్నేనని మాత్రం ఇంతవరకు చెప్పలేదు. ఇది ఆమె ఫోన్‌కి పంపిస్తా.