కర్నూలులో ఒక పగలు విందు, ఒక రాత్రి నాటకం

హైదరాబాదునుంచి బెంగుళూరు పోయేవారికి కర్నూలు అంటే తుంగభద్రమీద ఒక వంతెన, బస్సు ఆగినచోట ఒక కప్పు టీ, అంతే. అక్కడ దిగి ఒక రోజు ఉండండని ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను. అయితే ఒక షరతు ఉన్నది. ఆ ఊళ్లో మీకొక స్నేహితుడుండాలి. ఆ స్నేహితుడికి పద్యనాటకాల పిచ్చి ఉండాలి.

నాకు ఆ అదృష్టం ఉన్నది. మా మిత్రుడు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవాడు. ముప్ఫయి యేళ్లకు పైగా హరిశ్చంద్ర వేషం కట్టినవాడు. ఆయాసం పట్టుకొని రెండేళ్లుగా ముఖానికి రంగు పూయలేదు. ఉన్నట్టుండి ఒకనాడు ఫోను చేసి, "శనివారం రాత్రి పక్కపల్లెలో తిరునాళ్లు. హరిశ్చంద్ర ఆడుతున్నారు. కాటిసీను ఒక్కటి నేను కడుతున్నా. డాక్టరు వద్దంటున్నాడు. నువ్వు రాప్పా" అన్నాడు.

వెళ్లకుండా ఎట్లా ఉంటాను?

పొద్దున బస్సు దిగేసరికి స్టాండులోనే ఉన్నాడు. ఇంటికి పోకముందే ఉగ్గాని తినిపించాడు. కోస్తావారికి ఈ పేరు కొత్త. బొరుగులను నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసిన తాలింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గాని కాదు. బజ్జీ కొరికి కళ్లనీళ్లు పెట్టుకోవడం, ఉగ్గాని తిని తేరుకోవడం, ఇదీ వరస. నేను రెండు ప్లేట్లు లాగించాను. అతను మాత్రం వేడినీళ్లు తాగుతూ కూర్చున్నాడు.

"నీకో?"

"నువ్వు తిను. రాత్రికి పాడాల్సింది నేను గదా. నూనె వస్తువు, పెరుగు, చల్లనీళ్లు ఈ పొద్దు నాకు లేవు."

తరువాత కొండారెడ్డి బురుజుకు తీసుకుపోయాడు. విజయనగర రాజుల నాటి కోటలో మిగిలిన బురుజు అది. ఆలంపురాన్నేలిన కొండారెడ్డిని అందులో బంధించారనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. మెట్టుమెట్టుకూ ఆగి ఊపిరి తీసుకొంటూ పైకి వచ్చాడు. నేను వద్దన్నా వినలేదు. పైనుంచి ఊరు చూపించి, "1953 అక్టోబరు 1న ఇది రాజధాని. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. కచేరీలన్నీ డేరాల్లో. మూడేళ్లు రాజభోగం. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదు పోయింది" అన్నాడు. తరువాత పడమటివైపు చెయ్యి చాచాడు. "మనకు రాజధాని వచ్చిన రోజునే బళ్లారి మైసూరుకు పోయింది. నాటకం వచ్చింది అటునుంచే."

మాట నిజమే. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు బళ్లారిలో వకీలు. 1886లో అక్కడ సరసవినోదిని సభ పెట్టారు. తెలుగు నాటకంలో పాత్రలచేత పద్యాలను రాగయుక్తంగా పాడించింది ఆయనే అంటారు. కోలాచలం శ్రీనివాసరావుగారిదీ ఆ ఊరే, వకీలు పనే. బళ్లారి రాఘవ సంగతి చెప్పనక్కరలేదు. దానికి ఒక యేడు ముందు, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించారు. తోలుబొమ్మలాడించే కుటుంబాలవారు తామే బొమ్మలకు బదులు రంగస్థలం ఎక్కారు. వాన చాలని ఈ సీమలో పద్యం మాత్రం బాగా పండింది.

ఇంటికి వచ్చేసరికి జొన్నరొట్టెలు తట్టే చప్పుడు వినిపిస్తున్నది. వేడినీళ్లతో కలిపిన పిండిని అరచేత్తో తట్టి, పెనంమీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లద్దాలి. వేళ్లకు లయ తెలియనివారికి రొట్టె గుండ్రంగా రాదు. వదినగారు గుత్తివంకాయ, శనక్కాయల పొడి, వెన్న వడ్డించి, చివర భక్ష్యాలమీద నెయ్యి పోశారు. మిత్రుడు గంజిలో ఉప్పు వేసుకొని తాగాడు. వదినగారు అతనివైపు చూడకుండా నాతో, "మీరైనా చెప్పకూడదా అన్నా? డాక్టరు మాట లెక్క లేదు" అన్నారు. నేను ఇద్దరి మధ్యా ఇరుక్కొని మరొక భక్ష్యం అడిగాను.

గూట్లో పాత హార్మణి ఉన్నది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. నాటకాల పుస్తకాలన్నీ పోయాయి. హార్మణి మెట్లు ఉబ్బిపోయాయి. నీళ్లు తీసిన తరువాత అతను చేసిన మొదటి పని, ఒక నోటుబుక్కు కొని, హరిశ్చంద్ర పద్యాలన్నీ జ్ఞాపకంమీద వ్రాసుకోవడం. ఆ నోటుబుక్కు చూచాను. ఒక్క కొట్టివేత లేదు.

రాత్రి పదిగంటలకు పల్లెలో తెర లేచింది. ఇటలీవారి ఆపెరాకు బంగారుపూత మేడలు, పెద్ద వాద్యబృందం ఉంటాయి. మనకు పందిరి, ఒక హార్మణి, ఒక తబలా చాలు. చాపలమీద పిల్లలతో ఆడవాళ్లు, గొంగళ్లు కప్పుకొన్న ముసలివాళ్లు. కథ అందరికీ తెలుసు. పద్యాలు సగంమందికి నోటికి వచ్చు. ఐనా రాగం ఎంతదూరం లాగుతాడో చూడాలని వస్తారు. పద్యం ముగియగానే "వన్స్‌మోర్" అని కేక. పది రూపాయలు, వంద రూపాయలు చదివింపులు. నక్షత్రకుడు మూడుసార్లు పాడి చెమట తుడుచుకొన్నాడు.

కాటిసీను వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మిత్రుడు భుజాన కంబళితో, చేత కర్రతో వచ్చి నిలబడ్డాడు. పందిరి సద్దుమణిగింది. ఈ సీనులో జాషువాగారి శ్మశానవాటి పద్యాలు పాడటం ఆనవాయితీ. గొంతు పాతదే. ఊపిరి పాతది కాదు. పూర్వం ఊరంతా బిగబట్టుకొని వినేంత ఆలాపన చేసే చోట ఇప్పుడు సగంలో దించుకొని, మాటలమీద నిలిచి పాడాడు. ఆడవాళ్లలో కూర్చున్న వదినగారు రంగంవైపు చూడటంలేదు. తల వంచుకొని వింటున్నారు.

పద్యం ఐపోయింది. ఎవరూ కేక వేయలేదు. అంతమందికీ అతని జబ్బు తెలుసు. వెనకనుంచి ఒక కుర్రవాడు మాత్రం "వన్స్‌మోర్!" అన్నాడు. నా పక్కనున్న పెద్దాయన వెనక్కు తిరిగి, "ఉండు నాయనా, అన్నకు ఆయాసం" అని మందలించాడు. ఆ మాట రంగంమీదికి వినిపించిందో లేదో నేను చెప్పలేను. కుర్రవాడి కేక మాత్రం వినిపించింది. మిత్రుడు హార్మణివైపు తిరిగి శ్రుతి తగ్గించమని చేత్తో చూపాడు. పద్యం మళ్లీ ఎత్తుకొన్నాడు. ఈసారి రాగం చాలా తక్కువ, ప్రతి అక్షరం పందిరి చివరిదాకా వినబడింది. నా పక్కనున్న పెద్దాయన గొంగడి అంచుతో కళ్లు తుడుచుకొన్నాడు.

నాలుగింటికి ఇల్లు చేరాము. పగలు నేను తిన్న విందు ఒక ఎత్తు, అప్పుడు తిన్న తిండి ఒక ఎత్తు. మధ్యాహ్నపు రొట్టెలే, ఎండి పెళపెళలాడుతున్నాయి. నంచుకోవడానికి ఊరుబిండి. కొనగళ్లలో ఇంకా రంగు పోని ముఖంతో మిత్రుడు మూడు రొట్టెలు తిన్నాడు. రోజంతటిలో అతను నమిలి తిన్నది అదే.

"ఇంక చాలు గదా?" అన్నారు వదినగారు.

రొట్టె మాటో, నాటకం మాటో చెప్పలేదు.

"వచ్చే తిరునాళ్లకు ఆ పిల్లోడికి నేర్పించాల. కేక వేసినోడికి గొంతు ఉండాది" అన్నాడు.

వదినగారు జవాబు చెప్పక, అతని పళ్లెంలో ఇంకొక రొట్టె వేశారు.