చీలికలో వెలుగు

భవానీపురంలో పున్నమి ఘాటు మెట్లమీద కూర్చున్నాను. ఎదుట కృష్ణమ్మ, పైన చుక్కలు. నిన్ననే గుంటూరు వెళ్ళివచ్చాను.

1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సంపూర్ణ సూర్యగ్రహణం చూసింది అక్కడే. సన్నని చీలికగుండా వచ్చిన వెలుగును రంగులుగా విడదీసి చూస్తే, సూర్యుని అంచున లేచే జ్వాలలు హైడ్రోజన్ వాయువని తేలింది. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్ళీ చూశాడాయన!

ఇప్పటి పెద్ద దూరదర్శినులకు ఒక్క చీలిక చాలదు. పలుచని రేకులో చుక్కకొకటి చొప్పున కోస్తారు. ఆ రేకులకు చట్రాలు గీయడం, గుర్తుకు బార్‌కోడు చీటీలు అతికించడం నా ఉద్యోగం. ఒకసారి నా చీటీలు తారుమారయ్యాయి. యంత్రం ఒక రేకుకు బదులు మరొకటి పెట్టింది. ఏ చీలికలోనూ చుక్క పడలేదు; రాత్రంతా వృథా!

జాన్సెన్‌కు గ్రహణం దొరికింది కొద్ది నిమిషాలే. వాటిని జారనివ్వలేదాయన. ఇక రెండుసార్లు చదివిగాని నేను చీటీ అతికించను.