బొమ్మ కనబడితే చాలదు

ఆర్మూరు చుట్టుపక్కల తండాల్లో ఇంటి ముందు కెమెరా ఉండటం ఇప్పుడు వింత కాదు. మగవాళ్లు దుబాయికో మస్కట్‌కో పోయారు. ఉన్నవాళ్లు పొద్దున్నే కూలికి పోతారు. ఇంటికి తాళం, వాకిట్లో ముసలివాళ్లు. పసుపు తవ్వే కాలంలో భయం ఇంకా ఎక్కువ. ఉడకబెట్టిన పసుపును కల్లంలో పది, పదిహేను రోజులు ఎండబోస్తాం. ఎనిమిది, తొమ్మిది నెలల కష్టం అన్ని రోజులూ ఆరుబయటే ఉంటుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో కాంటా అయ్యేదాకా కంటికి కునుకు ఉండదు. అందుకే అప్పో సప్పో చేసి కెమెరా పెట్టుకుంటున్నాం.

మాకు కెమెరాతో ఇంకో అవసరం కూడా ఉంది. ఎవరి కల్లంలో బస్తా తగ్గినా మొదటి అనుమానం తండా మనిషి మీదికే వస్తుంది. ఇది ఇవాళ్టిది కాదు. 1871లో ఆంగ్లేయులు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని రాసిన ఆ జాబితాల్లోకి కొన్ని ప్రాంతాల్లో లంబాడీలను కూడా ఎక్కించారు. 1952 ఆగస్టు 31న ఆ జాబితాలను రద్దు చేశారు. జనం నోళ్లలో ఆ మాట ఇంకా పోలేదు. అలాంటి చోట రాత్రి ఏం జరిగిందో చూపించే రికార్డు మన పక్షాన నిలబడే సాక్షి.

ఆ సాక్షి మూగబోతే ఏమవుతుందో మా దగ్గరే చూశాం. ఒక ఇంటి కల్లంలో రెండు బస్తాలు పోయాయి. ఆ ఇంటి కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు, రోజూ ఫోన్‌లో ఇల్లు చూసుకుంటాడు. ఆ రాత్రి కూడా చూశాడు, బొమ్మ బాగానే వచ్చింది. తెల్లారి వెనక్కి తిప్పి చూస్తే ఏమీ లేదు. ఇరవై రోజుల కిందటి వీడియోలు ఉన్నాయి, ఆ తర్వాత అంతా ఖాళీ. ముందురోజు బస్తాలు ఎత్తడానికి వచ్చిన ఇద్దరు కూలీల మీద మాట పడింది. వాళ్లు తీయలేదని చూపడానికీ, తీశారని చూపడానికీ ఏమీ దొరకలేదు.

మా తండా పిల్లలం నలుగురం కూర్చుని ఆ కెమెరాను విప్పి చూశాం. అప్పుడు తెలిసిన సంగతి ఇది: చూపడం వేరు, దాచడం వేరు. ఫోన్‌లో బొమ్మ ఇంటర్నెట్ దారిలో వస్తుంది. రికార్డు లోపలున్న మెమరీ కార్డులోకి పోతుంది. ఒక దారి బాగున్నంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు. అక్కడ కార్డు అరిగిపోయింది. అరిగిన కార్డు ఒక్కోసారి కొత్తది రాయడం మానేసి పాతది మాత్రమే చూపిస్తుంది. ఫార్మాట్ చేసినా పాత వీడియోలు అలాగే ఉంటాయి. అది కనబడితే కార్డు మార్చడమే దారి. రాత్రింబవళ్లు రాసే పనికి మామూలు కార్డు ఎక్కువ కాలం ఆగదు. కెమెరాల కోసమే చేసిన హై ఎండ్యూరెన్స్ కార్డు అడిగి తీసుకోవాలి. కార్డు తీసేముందు కరెంటు ఆపాలి, కావలసిన వీడియోలు ముందే వేరేచోట దాచుకోవాలి.

అన్నిసార్లూ తప్పు కార్డుదే కాదు. ముందు గడియారం చూడాలి. దుబాయి మనకంటే గంటన్నర వెనక. యాప్‌ను అక్కడి నుంచి అమర్చితే కెమెరా కూడా అక్కడి టైమే పట్టుకోవచ్చు. మనం రాత్రి రెండు గంటల దగ్గర వెతుకుతుంటే, వీడియో పన్నెండున్నర దగ్గర ఉంటుంది. తర్వాత చోటు లెక్క. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున రాసే కెమెరా గంటకు 900 ఎంబీ, రోజుకు దాదాపు 21 జీబీ తింటుంది. 64 జీబీ కార్డు మూడు రోజులకు కూడా చాలదు. పాతది చెరిపి కొత్తది రాసే సెట్టింగ్ లేకపోతే కార్డు నిండగానే రికార్డు ఆగుతుంది. ఉంటే, నాలుగో రోజుకు మొదటి రోజుది పోతుంది. కదలిక ఉన్నప్పుడే రాయమంటే చోటు మిగులుతుంది గానీ, సాలెగూడు ఊగినా రాస్తూనే ఉంటుంది. వారానికోసారి అద్దం తుడవాలి. పసుపు దుమ్ము కూడా పట్టేస్తుంది.

రాత్రిపూట మాత్రమే రికార్డు తెగిపోతుంటే కరెంటును అనుమానించాలి. చీకట్లో కెమెరా తన దీపాలు వెలిగించుకుంటుంది, అప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. అడాప్టర్ బలహీనపడితే ఆగి మళ్లీ మొదలవుతుంటుంది. నాలుగు కెమెరాలకు డీవీఆర్ పెట్టుకున్నవాళ్ల ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. తెర మీద బొమ్మ ఉంటుంది, లోపల హార్డ్‌డిస్క్ తిరగదు. టిక్‌టిక్‌మని చప్పుడు వస్తే ముందు అడాప్టర్ మార్చి చూడాలి, డిస్క్ ఖర్చు తర్వాత.

మన కెమెరాలో ఏమీ దొరక్కపోయినా దారి మూసుకుపోలేదు. 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం ఎక్కువగా గుమిగూడే వ్యాపార స్థలాలు, సంస్థలు కెమెరాలు పెట్టి, 30 రోజుల వీడియో దాచి ఉంచాలి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడే తండా దారి మొదట్లో ఉన్న అలాంటి చోట్ల వీడియో కూడా తెప్పించమని పోలీసులను అడగాలి. ఆలస్యమైతే అదీ చెరిగిపోతుంది. మన దగ్గర వీడియో ఉంటే తెరను ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి సాక్ష్యానికి ధ్రువపత్రం జత చేయాలి. అసలు కార్డును, డిస్క్‌ను కదిలించకుండా దాచాలి.

పాస్‌వర్డ్ కూడా మన చేతిలోనే ఉండాలి. బిగించినవాడి ఫోన్ నంబరు మీద ఖాతా ఉంటే మన వాకిలి వాడికీ కనబడుతుంది. కెమెరా మూతి మన కల్లం వైపే ఉండాలి. మన యాడీలు, అక్కచెల్లెళ్లు నీళ్లు పోసుకునే వైపు, పక్కింటి గడప వైపు తిరగకూడదు.

బడిలో పంతుళ్లు జీబీల లెక్కను పిల్లలతో బోర్డు మీద చేయిస్తే బాగుంటుంది. ఏడో తరగతి పిల్ల చేయగల గుణకారమే అది. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేం చెప్పేది ఒక్కటే. వారానికోసారి, అంగడి రోజున, ఇంట్లో కెమెరా తెరిచి ఇవాళ్టి బొమ్మ కాదు, నిన్న అర్ధరాత్రి బొమ్మ వెతకండి. అది దొరికితేనే కెమెరా పనిచేస్తున్నట్టు.