అమ్రాబాద్ గుట్టల మీద తొలి ఇగం

డిండి దాటి శ్రీశైలం రోడ్డు మీద సాగుతుంటే దిగువ చేలల్లో పత్తి విచ్చుకుని ఉంది, కంది పూత మీదుంది. కార్తీకం వచ్చినా ఇక్కడ పగటి ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. మన్ననూరు గుట్ట ఎక్కాకే ఒంటికి ఇగం తగిలింది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా అడవిలోకి వాహనాలను వదలరు. అందుకని మర్నాడు తెల్లవారుజామున చెక్‌పోస్టు ముందు కార్లు, బస్సులు బారులు తీరాయి. అన్నిటిలోనూ శివదర్శనానికి పోయేవాళ్లే. ఆ అరగంట ఆగినందుకే నాకు గాలి సంగతి తెలిసింది. వానాకాలమంతా పడమటి నుంచి కొట్టిన గాలి ఇప్పుడు ఈశాన్యం నుంచి వస్తోంది. అందులో తడి లేదు.

గేటు దగ్గర ఉసిరికాయలు, చివరి సీతాఫలాలు గంపలో పెట్టుకుని కూర్చున్న చెంచు పెద్దాయనను, "తాతా, చలి మొదలైనట్టేనా?" అని అడిగాను.

"గాలైతే తిరిగింది సారూ. ఇగ బోద పండుతది. బోద పండినంక సలి ఆగదు" అన్నాడు.

బోద అంటే ఈ పీఠభూమి మీద మనిషి ఎత్తున పెరిగే గడ్డి. పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, గుడిసెలకు కప్పు వేసేది దీంతోనే. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940లో ఈ చెంచుల మధ్య మకాం వేసి, 1943లో వాళ్ల మీద పుస్తకం తెచ్చారు. ఆ తరువాత ఇక్కడ చాలా మారింది. చలిని గడ్డిలో చూసి చెప్పే ఈ నేర్పు మాత్రం పోలేదు. నాకు అదే గొప్ప ఊరట.

అటవీశాఖ జీపులో ఫరహాబాద్ అంచుకు చేరేసరికి మా మీద ఎండ పడుతోంది, కింద మైదానం మాత్రం పొగమంచులో మునిగి ఉంది. మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయలో నిలుస్తుంది. అందుకే ఇక్కడ తెల్లవారుజామున కొండకొమ్ము కన్నా లోయ అడుగునే చలి ఎక్కువ. మంచు విడిపోవడానికి చాలాసేపు పట్టింది. ముందు చెట్ల తలలు, తరువాత చెరువు నీటి మెరుపు, ఆఖరున పొలాల గట్లు కనిపించాయి. నాతో వచ్చినవాళ్లు పులి కోసం వెతుకుతుంటే నేను గడ్డినే చూస్తూ నిలబడ్డాను. మొదళ్లలో పచ్చదనం ఉంది, కొసలు అప్పుడే పసుపుబారాయి. చిరుమాను ఆకుల్లో అక్కడక్కడ ఎరుపు దిగింది. బతుకమ్మకు కోయగా మిగిలిన గునుగు నిలువునా ఎండింది.

వటవర్లపల్లి నుంచి మల్లెలతీర్థం జలపాతం మెట్లు దిగాను. వానల్లో ఎర్రగా దూకే నీరు ఇప్పుడు సన్నబడి అద్దంలా తేటపడింది. బండల మీద పసుపు కడుపున్న చిన్న పిట్ట ఒకటి ఆగకుండా తోక ఆడిస్తోంది. హిమాలయాల నుంచీ, అంతకన్నా ఉత్తరాది దేశాల నుంచీ చలికాలం గడపడానికి వచ్చే జాతి అది. థర్మామీటరు కన్నా నేను దాన్నే నమ్ముతాను.

నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి అసలు ప్రమాదం కూడా ఈ బోద గడ్డితోనే మొదలవుతుంది. కార్తీకంలో పండిన బోద మాఘానికి కరకర ఎండుతుంది. దాని మీద టేకు, చిరుమాను ఆకులు రాలిపడతాయి. సరిగ్గా అప్పుడే శివరాత్రికి శివస్వాములు అడవి దారుల్లో నడుస్తారు. చెంచు యువకులు కొందరు వాచర్లుగా చేరి మంటలార్పుతూ తిరుగుతారు. చాలా మంటలకు మూలం పారేసిన బీడీ ముక్కో, ఆర్పకుండా వదిలిన పొయ్యో. నేలమీద గుడ్లు పెట్టే పిట్టలు, రేపటి చెట్టయ్యే మొలకలు అందులో మాడిపోతాయి.

కాబట్టి శ్రీశైలం పోయేవారికి నా విన్నపం ఒక్కటే. మన్ననూరు గేటు నుంచి దోమలపెంట దాకా దారి పక్కన ఎక్కడా పొయ్యి వెలిగించకండి, నిప్పున్న ముక్క కిటికీలోంచి విసరకండి. వండిన తిండి ఇంటి నుంచే తెచ్చుకోండి.